ఆస్ట్రేలియా టీవీ వార్షికోత్సవాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సెప్టెంబరు సగానికి వచ్చిందంటే చాలు, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఓ పాత నలుపు తెలుపు క్లిప్ తిరగడం మొదలవుతుంది. దాని వెనకే సందేహాలు. మెల్‌బోర్న్ వాళ్లు ఒక తేదీ చెబుతారు, పెర్త్ వాళ్లు ఇంకోటి చెబుతారు. ఆఫీసు క్విజ్ కోసం అడిగేవాళ్లు కొందరు, పిల్లల స్కూలు ప్రాజెక్టు కోసం అడిగేవాళ్లు కొందరు. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

ఒక్క మాట ముందే చెప్తాను. ఆస్ట్రేలియాకి టీవీ దేశమంతటికీ ఒకేసారి రాలేదు. ఊరూరికీ, చానెల్ చానెల్‌కీ విడివిడిగా వచ్చింది. అందుకని ఏ తేదీ విన్నా "ఏ ఊళ్లో? ఏ చానెల్‌లో?" అని అడగండి. సగం వాదనలు అక్కడే తీరిపోతాయి.

## మొదటి రోజులు

ఆస్ట్రేలియాలో టీవీ పుట్టినరోజు అసలు ఎప్పుడండీ?

1956 సెప్టెంబరు 16, ఆదివారం. ఆ సాయంత్రం సిడ్నీలో టీసీఎన్-9 చానెల్ రోజువారీ ప్రసారాలు మొదలుపెట్టింది. అంతకుముందు జూలై నుంచే పరీక్షగా ప్రసారాలు నడిచాయి కానీ, దేశమంతా లెక్కలోకి తీసుకునేది సెప్టెంబరు 16నే. 2026లో ఆ తేదీకి 70 ఏళ్లు.

సూటు వేసుకున్నాయన "వెల్‌కమ్ టు టెలివిజన్" అంటాడు కదా, ఆ వీడియో ఆ రాత్రిదేనా?

కాదు. అందులో కనిపించేది బ్రూస్ గింగెల్, అప్పటికి ఆయన వయసు 27. మొదటి రాత్రి ఆయన నిజంగానే తెర మీదికి వచ్చి ఆ స్వాగతం పలికాడు. కాకపోతే దాని రికార్డింగు మిగల్లేదు. ఇప్పుడు మనం చూసేది తర్వాతి ఏడాది మళ్లీ చేయించి తీసింది. అయినా ఏ వార్షికోత్సవం వచ్చినా అన్ని చానెళ్లూ దాన్నే వేస్తాయి, "ఇది మళ్లీ తీసింది" అని కింద ఒక చిన్న లైను వేసేవాళ్లు తక్కువ. క్విజ్‌లో అడగడానికి నాకు నచ్చిన ప్రశ్న ఇదే, ఎందుకంటే టీవీ పుట్టుకకి సాక్ష్యంగా అందరూ చూపించే బొమ్మే అసలుది కాదు.

మెల్‌బోర్న్‌లోనే మొదట వచ్చిందని ఇక్కడి పెద్దవాళ్లు అంటారు, నిజమా?

పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. మెల్‌బోర్న్‌లో హెచ్‌ఎస్‌వీ-7 చానెల్ 1956 నవంబరు 4న మొదలైంది, అంటే సిడ్నీ కంటే ఏడు వారాలు వెనక. కానీ ఆ నవంబరు 22న మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. ఆటల్ని ఇంట్లో కూర్చుని చూసిన భాగ్యం ఆ ఊరివాళ్లది. జీటీవీ-9 అయితే అధికారికంగా తెరుచుకున్నది 1957 జనవరి 19నే, అయినా పరీక్షా ప్రసారాల్లోనే ఒలింపిక్స్ చూపించేసింది. టీవీ కొనలేనివాళ్లు దుకాణాల అద్దాల ముందు గుంపులుగా నిలబడి చూశారు. అందుకే ఆ తరం మెల్‌బోర్న్ వాళ్ల మనసులో టీవీ అంటే ఒలింపిక్సే, సెప్టెంబరు 16 అనేది సిడ్నీ వాళ్ల సంగతి.

ఏబీసీ వార్షికోత్సవం వేరే రోజు చేస్తారేం?

ఏబీసీ ప్రభుత్వ సంస్థ, దాని లెక్క దానిది. ఏబీసీ టీవీ సిడ్నీలో 1956 నవంబరు 5న మొదలైంది, ప్రధాని రాబర్ట్ మెంజీస్ ప్రారంభించారు. మెల్‌బోర్న్‌లో నవంబరు 19న, ఒలింపిక్స్‌కి మూడు రోజుల ముందు వచ్చింది. ఇక ఏబీసీ అనే సంస్థ పుట్టినరోజు 1932 జూలై 1. అప్పుడది రేడియో మాత్రమే. "ఏబీసీకి 90 ఏళ్లు" అని 2022లో వచ్చిన కార్యక్రమాలు ఆ రేడియో తేదీని బట్టి చేసినవి.

1956 కంటే ముందు ఎవరూ ప్రయత్నించలేదా?

ప్రయత్నించారు. బ్రిస్బేన్ నడిబొడ్డున వికమ్ టెరేస్‌లో ఒక పాత గాలిమర ఉంది, బ్రిటన్ నుంచి ఖైదీల్ని ఇక్కడికి పంపే కాలంలో కట్టింది. 1934లో దాని పైనుంచే ప్రయోగాత్మకంగా బొమ్మల్ని ప్రసారం చేశారు. ఆ గోపురం ఇప్పటికీ అక్కడే ఉంది, బ్రిస్బేన్ వెళ్తే చూడొచ్చు. తర్వాత యుద్ధం వచ్చి అన్నీ ఆగిపోయాయి. టీవీని ఎవరి చేతికివ్వాలి, ప్రభుత్వానికా ప్రైవేటుకా అన్నది తేల్చడానికి 1953లో రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసే పెద్ద విచారణ సంఘం) వేశారు. చివరికి ఇద్దరికీ ఇచ్చారు.

మిగతా ఊళ్లకి ఎప్పుడొచ్చింది? డార్విన్‌కి అంత ఆలస్యం ఎందుకైంది?

1959లో మూడు పెద్ద ఊళ్లకి వచ్చింది. బ్రిస్బేన్‌కి ఆగస్టు 16న, అడిలైడ్‌కి సెప్టెంబరు 5న, పెర్త్‌కి అక్టోబరు 16న. హోబార్ట్‌కి 1960 మే 23న, కాన్‌బెర్రాకి 1962 జూన్ 2న. దేశ రాజధాని అయ్యుండీ కాన్‌బెర్రా అంత వెనకపడింది. బెండిగో, గిప్స్‌ల్యాండ్ లాంటి చోట్లకి 1961 డిసెంబరులోనే వచ్చేసింది మరి. డార్విన్ వాళ్లు మాత్రం 1971 ఆగస్టు 13 దాకా ఆగాల్సి వచ్చింది. జనం తక్కువ, దూరం వేల కిలోమీటర్లు, ప్రకటనల మీద డబ్బు రాదు. ప్రైవేటు చానెల్ పెట్టడానికి ఎవరు ముందుకొస్తారు? అక్కడ ఏబీసీయే ముందు వచ్చింది. అప్పటికి మనిషి చంద్రుడి మీద దిగి రెండేళ్లయింది.

టీసీఎన్, హెచ్‌ఎస్‌వీ, క్యూటీక్యూ... ఈ అక్షరాల గోలేంటి?

చివరి అక్షరం రాష్ట్రం గుర్తు. ఎన్ అంటే న్యూ సౌత్ వేల్స్, వీ అంటే విక్టోరియా, క్యూ అంటే క్వీన్స్‌ల్యాండ్, ఎస్ అంటే సౌత్ ఆస్ట్రేలియా, డబ్ల్యూ అంటే వెస్టర్న్ ఆస్ట్రేలియా, టీ అంటే టాస్మానియా. ముందున్న రెండూ యజమాని గుర్తు. హెచ్‌ఎస్ అంటే హెరాల్డ్, సన్ పత్రికలు, అడిలైడ్ ఎన్‌డబ్ల్యూఎస్‌లో ఉన్నది ద న్యూస్ పత్రిక. ఆ పత్రిక అప్పటి కుర్ర యజమాని రూపర్ట్ మర్డాక్. తొలి టీవీ లైసెన్సులు ఎక్కువగా పత్రికల వాళ్లకే దక్కాయని ఈ అక్షరాలే చెబుతాయి. పక్కనున్న అంకె చానెల్ నంబరు. ఈ చిట్కా తెలిస్తే ఏ పాత వార్షికోత్సవం పోస్టరైనా ఏ ఊరిదో చూడగానే చెప్పేయొచ్చు.

సెప్టెంబరు 15 అని ఒకరు, 16 అని ఒకరు అంటున్నారు. ఏది కరెక్టు?

రెండూ కరెక్టే, దేశాలే వేరు. మన దూరదర్శన్ ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న మొదలైంది. ఆస్ట్రేలియాది 1956 సెప్టెంబరు 16. ఒక్కరోజు తేడా కావడంతో ఫార్వర్డ్ మెసేజీల్లో రెండూ కలిసిపోతుంటాయి. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది.

అప్పట్లో టీవీ ఉన్నవాళ్లు లైసెన్సు కట్టేవాళ్లా?

కట్టేవాళ్లు. మొదట్లో ఏడాదికి 5 పౌండ్లు. మన దగ్గర రేడియోకి పోస్టాఫీసులో కట్టినట్టే. 1974లో ప్రధాని విట్లమ్ ప్రభుత్వం ఆ రుసుము ఎత్తేసింది.

## నలుపు తెలుపు కాలం

గ్రాహం కెన్నెడీ పేరు ప్రతి కార్యక్రమంలోనూ వస్తుంది. ఎవరాయన?

1957 మే 6న మెల్‌బోర్న్ జీటీవీ-9లో "ఇన్ మెల్‌బోర్న్ టునైట్" అనే రాత్రి షో మొదలైంది. దాని హోస్టు కెన్నెడీ, రేడియో నుంచి వచ్చిన కుర్రాడు. వారంలో ఐదు రాత్రులు, లైవ్. ప్రకటనలు కూడా లైవే. డబ్బిచ్చిన కంపెనీ సరుకునే ఆయన ఎగతాళి చేస్తుంటే జనం పడిపడి నవ్వేవాళ్లు. చిత్రమేమిటంటే దానివల్ల సరుకు ఇంకా బాగా అమ్ముడుపోయేది. ఆయన్ని టీవీ రాజు అని పిలిచేవాళ్లు.

ఆయన పేరు మీద ఇంకో తేదీ ఉంది, 1975 మార్చి 3. ఒక లైవ్ ప్రకటన మధ్యలో కాకి అరుపు అరిచాడు. ఆ అరుపు ఒక బూతు మాటలా వినిపించింది. ఫిర్యాదులు వెల్లువెత్తాయి, ఆయన్ని లైవ్‌లో రానివ్వకుండా నిషేధించారు. ఆ ఒక్క కాకి అరుపుకి కూడా చానెళ్లు వార్షికోత్సవాలు చేస్తాయి.

లోగీ అవార్డులు ఎప్పటి నుంచి? ఆ పేరేంటి?

1959 నుంచి. టీవీ వీక్ పత్రిక ఇస్తుంది. టెలివిజన్ కనిపెట్టినవాళ్లలో ఒకరైన జాన్ లోగీ బెయిర్డ్ పేరు మీద ఆ పేరు సూచించింది గ్రాహం కెన్నెడీ. మొదటి ఏడాది పెద్ద అవార్డు కూడా ఆయనకే వచ్చింది, ఆయన షోలోని పాండా లిస్నర్‌తో కలిపి.

మిస్టర్ స్క్విగిల్ అనే బొమ్మకి నాణెం కూడా వేశారట! ఏముంది అందులో?

నన్నడిగితే ఆస్ట్రేలియా టీవీలో అన్నిటికంటే ముద్దొచ్చే వార్షికోత్సవం ఇదే. 1959 జూలై 1న ఏబీసీలో మొదలై 1999 దాకా, 40 ఏళ్లు నడిచింది. మిస్టర్ స్క్విగిల్ చంద్రుడి మీది నుంచి రాకెట్‌లో దిగే కీలుబొమ్మ, ముక్కు స్థానంలో పెన్సిలు. పిల్లలు కాగితం మీద నాలుగు పిచ్చి గీతలు గీసి పోస్టులో పంపేవాళ్లు. ఆ గీతల్ని కలుపుతూ స్క్విగిల్ తన ముక్కుతో ఒక బొమ్మ వేసేవాడు. చాలాసార్లు బొమ్మ తలకిందులుగా వచ్చేది. కాగితం తిప్పి పెట్టగానే ఏనుగో పడవో ప్రత్యక్షం. పక్కనే బ్లాక్‌బోర్డు ఒకటి, దానికి నోరూ ఉండేది, విసుగూ ఉండేది. "త్వరగా కానీ" అని గదమాయిస్తుండేది.

తలకిందులు ఎందుకంటే, బొమ్మని ఆడించే నార్మన్ హెథరింగ్టన్ సెట్టు పైన వంగి నిలబడి దారాలతో ఆ పెన్సిలు ముక్కుని నడిపించేవాడు. ఆయన వైపు నుంచి చూస్తే బొమ్మ సరిగ్గానే ఉంటుంది! ఈ కార్యక్రమానికి 60 ఏళ్లు నిండినప్పుడు, 2019లో, ఆస్ట్రేలియా టంకశాల స్మారక నాణేలు వేసింది. 2024లో ఆ బొమ్మనీ, దానికి సంబంధించిన సామగ్రినీ కాన్‌బెర్రాలోని నేషనల్ మ్యూజియం తీసుకుంది.

ప్లే స్కూల్‌కి ఎన్నేళ్లు?

ఏబీసీలో వచ్చే ఈ చిన్నపిల్లల కార్యక్రమం 1966 జూలై 18న మొదలైంది, 2026కి 60 ఏళ్లు. మొదట బీబీసీ కార్యక్రమం చూసి చేసింది. ఆ బ్రిటిష్ కార్యక్రమం ఎప్పుడో ఆగిపోయింది, ఇది మాత్రం నడుస్తూనే ఉంది. బిగ్ టెడ్, జెమైమా, హంప్టీ అనే బొమ్మలు, గుండ్రంగానో చదరంగానో ఉండే కిటికీలోంచి బయటికి చూపించే చిన్న సన్నివేశం... ఇక్కడ పెరిగిన ఏ వయసువాళ్లనైనా అడగండి, కళ్లలో మెరుపొస్తుంది. పిల్లలకి ఇంగ్లీషు అలవాటు కావాలని మనవాళ్లు చాలామంది ముందు పెట్టేది కూడా దీన్నే.

ఫోర్ కార్నర్స్ ఎందుకు అంత గొప్పగా చెప్తారు?

1961 ఆగస్టు 19 నుంచి ఏబీసీలో వస్తున్న పరిశోధనాత్మక కార్యక్రమం. మొదటి హోస్టు మైకేల్ చార్ల్‌టన్. ఒక్కో ఎపిసోడ్ తర్వాత విచారణ కమిషన్లు వేయాల్సొచ్చింది. 1987లో క్వీన్స్‌ల్యాండ్ పోలీసు అవినీతి మీద వచ్చిన కార్యక్రమం ఫిట్జ్‌జెరాల్డ్ విచారణకి దారితీసింది. చివరికి ఆ రాష్ట్ర పోలీసు కమిషనరే జైలుకెళ్లాడు. 2016లో డార్విన్ దగ్గర డాన్ డేల్ బాల నేరస్థుల కేంద్రంలోని దృశ్యాలు చూపిస్తే, మర్నాడే ప్రధాని రాయల్ కమిషన్ ప్రకటించారు. ఏళ్ల లెక్క కంటే ఈ లెక్కే దానికి ఎక్కువ గౌరవం తెచ్చింది.

మొదటి ఆస్ట్రేలియా పోలీసు సీరియల్ హోమిసైడేనా? దాని తేదీకి అంత ప్రాముఖ్యం ఏమిటి?

మొదటి పెద్ద హిట్ అనొచ్చు. 1964 అక్టోబరు 20న మెల్‌బోర్న్ హెచ్‌ఎస్‌వీ-7లో మొదలైంది, క్రాఫోర్డ్ సంస్థ తీసింది, 1977 దాకా నడిచింది. అంతకుముందు ఏడాదే సెనేట్ కమిటీ ఒకటి, తెర మీద వచ్చే నాటకాల్లో 97 శాతం విదేశీ సరుకేనని తేల్చింది. జనం అప్పటిదాకా అమెరికా పోలీసుల్నే చూశారు. హోమిసైడ్‌లో తమ వీధులు కనిపించాయి, తమ యాస వినిపించింది. సొంత కథలు కూడా అమ్ముడుపోతాయని చానెళ్లకి నమ్మకం కుదిరింది అప్పటి నుంచే.

చానెల్ 10 పుట్టినరోజు 1964దా, 1965దా?

మెల్‌బోర్న్ అయితే 1964 ఆగస్టు 1. సిడ్నీ అయితే 1965 ఏప్రిల్ 5. మెల్‌బోర్న్‌లో దాని నంబరు అప్పట్లో 10 కాదు, సున్నా. బ్రిస్బేన్‌లోనూ సున్నానే. పాతవాళ్లు "0-10 నెట్‌వర్క్" అనేది అందుకే.

చంద్రుడి మీద దిగింది జూలై 20నా 21నా?

ఆస్ట్రేలియాలో 21. ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు పెట్టింది 1969 జూలై 21, సోమవారం, తూర్పు ఆస్ట్రేలియా సమయం మధ్యాహ్నం 12:56కి. అమెరికాలో అప్పటికింకా 20వ తేదీ రాత్రి. బళ్లలో పిల్లలందర్నీ టీవీ ఉన్న గదిలో కూర్చోబెట్టి చూపించారు. తొలి అడుగు బొమ్మల్ని ప్రపంచానికి అందించింది కాన్‌బెర్రా దగ్గరి హనీసకిల్ క్రీక్ కేంద్రం. కొన్ని నిమిషాల తర్వాత పార్క్స్ అనే ఊళ్లోని పెద్ద డిష్ యాంటెన్నా అందుకుంది. సిగ్నలు సిడ్నీలోనే చీల్చి ఇక్కడి చానెళ్లకి ఇచ్చారు కాబట్టి ఆస్ట్రేలియా వాళ్లు మిగతా లోకం కంటే కొన్ని క్షణాల ముందే చూశారు. తొలి అడుగు కూడా పార్క్స్ నుంచే వచ్చిందని చాలామంది అనుకుంటారు. క్విజ్ పెట్టేవాళ్లు జాగ్రత్త.

## రంగులొచ్చాక

కలర్ టీవీ ఎప్పుడొచ్చింది? అది కూడా ఊరికో తేదీనా?

లేదు, ఇదొక్కటీ దేశమంతా ఒకే రాత్రి. 1975 మార్చి 1, శనివారం. సీ-డే (సీ అంటే కలర్) అని పేరు పెట్టి ఊదరగొట్టారు. అంతకుముందు ప్రయోగాలు జరిగాయి. 1967లోనే మెల్‌బోర్న్ దగ్గర పాకెన్‌హామ్ గుర్రప్పందాల్ని రంగుల్లో పరీక్షగా ప్రసారం చేశారు. 1974 అక్టోబరు నుంచి అక్కడక్కడా రంగుల పరీక్షలు నడిచాయి. పెద్ద ముహూర్తం మాత్రం మార్చి 1. మన దేశంలో రంగులు 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల ఏడాది వచ్చాయి.

ఏబీసీ ముందురోజే రంగులు చూపించేసిందని విన్నాను?

మూడు నిమిషాల ముందు! ఫిబ్రవరి 28 రాత్రి 11:57కి ఏబీసీ "ఆంటీ జాక్" కామెడీ బృందంతో ఒక ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. ఆంటీ జాక్ అంటే గ్రేహమ్ బాండ్ అనే నటుడు వేసే ఆడవేషం. మీసాలు, చేతికి బంగారు రంగు బాక్సింగ్ గ్లవ్. రంగులనే భూతం వచ్చేస్తోందని వాళ్లంతా గగ్గోలు పెడుతుంటే తెర మెల్లగా రంగుల్లోకి మారిపోయింది. ప్రైవేటు చానెళ్లు అర్ధరాత్రి కోసం గడియారం చూస్తూ కూర్చున్నాయి, సర్కారీ చానెల్ వాళ్లని అలా వెనక్కి నెట్టేసింది.

నంబర్ 96 అంటే ఏమిటి? ఇంట్లో పెద్దవాళ్ల ముందు చెప్పొచ్చా?

చెప్పొచ్చు, వివరాలు మాత్రం తగ్గించండి. 1972 మార్చి 13న 0-10 నెట్‌వర్క్‌లో మొదలైన రాత్రి సీరియల్. సిడ్నీలో ఒక అపార్ట్‌మెంట్, అందులో ఉండేవాళ్ల ప్రేమలు, అక్రమ సంబంధాలు, అప్పటిదాకా తెర మీద చూడని నగ్నత్వం. స్వలింగ సంపర్కుడైన లాయర్ పాత్రని ఎగతాళి లేకుండా, మామూలు మంచి మనిషిగా చూపించారు. 1972లో అది ఎంత తెగింపో ఊహించుకోండి. అప్పుల్లో ఉన్న నెట్‌వర్క్‌ని గట్టెక్కించింది కూడా అదే.

కౌంట్‌డౌన్ పాత ఎపిసోడ్లు ఎందుకు దొరకవు?

చెరిపేశారు. 1974 నవంబరు 8న మొదలై 1987 దాకా నడిచిన ఏబీసీ పాటల షో అది, హోస్టు మోలీ మెల్‌డ్రమ్ దానికి ప్రాణం. టేపు ఖరీదైన వస్తువు కాబట్టి ఒకసారి ప్రసారమయ్యాక దాని మీదే ఇంకో కార్యక్రమం రికార్డు చేసేవాళ్లు. తొలి ఏళ్లవి చాలా అలాగే పోయాయి.

పొద్దున్నే నిద్రమత్తులో చూసిన ఆస్ట్రేలియా క్రికెట్... ఆ చానెల్ నైన్ కథేంటి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లంతా ఒక వయసువాళ్లే, నాకు తెలుసు! 1976లో నైన్ యజమాని కెర్రీ పాకర్ టెస్టు క్రికెట్ ప్రసార హక్కులు అడిగితే బోర్డు ఇవ్వలేదు. ఏబీసీ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తానన్నా వినలేదు. కోపంతో ఆటగాళ్లనే కొనేసి 1977లో వరల్డ్ సిరీస్ క్రికెట్ పెట్టాడు. 1977 డిసెంబరు 14న మెల్‌బోర్న్ శివార్లలో ఒక ఫుట్‌బాల్ మైదానంలో ఫ్లడ్‌లైట్ల కింద మ్యాచ్ ఆడించాడు. తెల్ల బంతి, తర్వాత రంగు బట్టలు, పిచ్‌కి రెండువైపులా కెమెరాలు. ఈ కెమెరాలు రాకముందు ఒక ఓవరు బ్యాట్స్‌మన్ ముఖం, ఇంకో ఓవరు అతని వీపు చూసేవాళ్లు.

1979లో బోర్డు రాజీకొచ్చింది. అప్పటి నుంచి 2018 దాకా ఆస్ట్రేలియా క్రికెట్ నైన్‌దే. మనవాళ్లకి దాని రుచి తెలిసింది 1985 ఫిబ్రవరి, మార్చిల్లో, దూరదర్శన్‌లో వచ్చిన వరల్డ్ చాంపియన్‌షిప్‌తో. మార్చి 10 ఫైనల్లో పాకిస్తాన్‌ని ఓడించడం, రవిశాస్త్రికి ఆడీ కారు, దాని మీదికెక్కిన జట్టు... డకౌటైనవాడి పక్కన ఏడుస్తూ నడిచే బాతుబొమ్మని మర్చిపోయినవాళ్లు ఉంటారా?

## సీరియళ్లు, కొత్త గొంతులు

నైబర్స్ ఎన్నిసార్లు మొదలై ఎన్నిసార్లు ఆగింది?

మూడుసార్లు మొదలైంది, మూడుసార్లు ఆగింది. 1985 మార్చి 18న చానెల్ 7లో మొదలైంది, ఆ ఏడాదే ఆపేశారు. పోటీ చానెల్ 10 తీసుకుని 1986 జనవరి 20 నుంచి వేసింది. అది దూసుకుపోయింది. 1987లో స్కాట్, షార్లీన్ పెళ్లి ఎపిసోడ్, అంటే జేసన్ డోనోవన్, కైలీ మినోగ్‌ల జంట. బ్రిటన్‌లో అది 1988 నవంబరు 8న వస్తే దాదాపు 2 కోట్ల మంది చూశారు. 2022 జూలై 28న ఘనంగా వీడ్కోలు ఎపిసోడ్ వేసి ముగించారు. 2023 సెప్టెంబరులో అమెజాన్ మళ్లీ బతికించింది. 2025 డిసెంబరులో మళ్లీ ముగిసింది. మూడో వీడ్కోలుకి ఏడవాలో వద్దో అభిమానులకి అర్థం కాలేదు పాపం. కథలోని రామ్సే స్ట్రీట్ నిజానికి మెల్‌బోర్న్ తూర్పున వెర్మాంట్ సౌత్‌లోని పిన్ ఓక్ కోర్ట్. అక్కడ మామూలు కుటుంబాలే ఉంటాయి, చూడ్డానికి వెళ్తే వాళ్లని ఇబ్బంది పెట్టకండి.

హోమ్ అండ్ అవే ఇంకా వస్తోందా?

వస్తోంది. 1988 జనవరి 17న చానెల్ 7లో మొదలైంది. నైబర్స్‌ని వదులుకుని నాలిక కరుచుకున్న చానెల్ తెచ్చుకున్న సీరియల్ ఇది. ఆల్ఫ్ స్టూవర్ట్‌గా రే మీగర్ మొదటి నుంచీ ఉన్నాడు. కథలోని సమ్మర్ బే, సిడ్నీకి ఉత్తరాన పామ్ బీచ్.

ఎస్‌బీఎస్ వార్షికోత్సవం అక్టోబరు 24న ఎందుకు?

అది ఐక్యరాజ్యసమితి దినోత్సవం, కావాలనే ఎంచుకున్నారు. బహుభాషా ప్రసారాల ప్రభుత్వ సంస్థ ఎస్‌బీఎస్ టీవీ 1980 అక్టోబరు 24న సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో 0/28 చానెల్‌గా మొదలైంది. వలస వచ్చినవాళ్ల భాషల్లో కార్యక్రమాలు, కింద ఇంగ్లీషు అక్షరాలు. ఆ రాత్రి స్వాగతం పలికింది కూడా, 1956లో పలికిన ఆ బ్రూస్ గింగెలే. రేడియో వైపు కథ 1975లో, సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో పెట్టిన వలస భాషల స్టేషన్లతో మొదలైంది. ఇప్పుడు ఎస్‌బీఎస్‌లో తెలుగు పాడ్‌కాస్ట్ కూడా ఉంది, మన ఊరి యాసలో ఇక్కడి వీసా వార్తలు వింటుంటే ఆ సుఖమే వేరు.

ఆదివాసీల సొంత చానెల్ ఎప్పుడొచ్చింది?

ఇంపార్జా 1988 జనవరిలో ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి మొదలైంది. ఆదివాసీ సంస్థల చేతుల్లో ఉన్న వాణిజ్య చానెల్, ఉపగ్రహం ద్వారా ఎడారి మధ్య ఊళ్లకి అందేది. బ్రిటిష్ వాళ్లు దిగి 200 ఏళ్లయిందని దేశమంతా పండగ చేసుకుంటున్న నెల అది, ఆదివాసీలు నిరసన తెలుపుతున్న నెల కూడా. ఎన్‌ఐటీవీ అనే జాతీయ ఆదివాసీ చానెల్ 2007 జూలై 13న మొదలైంది. 2012 డిసెంబరు 12న ఎస్‌బీఎస్‌లో చేరి అందరికీ ఉచితంగా వస్తోంది, ఆ ప్రారంభాన్ని ఆదివాసీలకి పవిత్రమైన ఉలూరు కొండ దగ్గర చేశారు.

## డిజిటల్ రోజులు

పాత యాంటెన్నా టీవీలు ఎప్పుడు ఆగిపోయాయి?

డిజిటల్ ప్రసారాలు 2001 జనవరి 1న మొదలయ్యాయి. పాత అనలాగ్‌ని మళ్లీ ఊరూరా ఆపుకుంటూ వచ్చారు. మొదట మిల్‌డ్యూరాలో 2010 జూన్ 30న, సిడ్నీలో 2013 డిసెంబరు 3న, చివరగా మెల్‌బోర్న్‌లో డిసెంబరు 10న. ఊరూరా వచ్చింది ఊరూరా పోయింది.

మాస్టర్‌షెఫ్ కోసం ఎన్నికల డిబేట్ జరిపారా? నిజమా?

నిజం. 2010 జూలై 25న ప్రధాని జూలియా గిలార్డ్, ప్రతిపక్ష నేత టోనీ అబాట్‌ల డిబేట్ మామూలుగా ఏడున్నరకి ఉండాలి. ఆ రాత్రే వంటల పోటీ మాస్టర్‌షెఫ్ ఫైనల్. రాజకీయ నాయకులే ఒక గంట ముందుకి జరిగారు. కార్యక్రమం మొదలైంది 2009 ఏప్రిల్ 27న. మన దేశంలో దాన్ని చూసినంతమంది వేరే ఏ ఆస్ట్రేలియా కార్యక్రమాన్నీ చూసి ఉండరని నా అభిప్రాయం. 2018లో సశి చెలియా, 2021లో జస్టిన్ నారాయణ్ గెలవడంతో ఆ అభిమానం ఇంకా పెరిగింది.

బ్లూయీకి పదేళ్లు ఎప్పుడు?

2028 అక్టోబరు 1న. కుక్కపిల్ల కుటుంబం కథగా సాగే ఈ పిల్లల కార్టూన్ 2018లో ఏబీసీ కిడ్స్‌లో మొదలైంది, తీసింది బ్రిస్బేన్‌లోని లూడో స్టూడియో. ఆ ఇల్లు, ఆ వరండా, ఆ వేసవి అన్నీ బ్రిస్బేన్‌వే. దీనికీ డాలరు నాణేలు వచ్చాయి, 2024లో.

ఈ మధ్యకాలంలో, ముందుముందు వార్షికోత్సవం చేయదగ్గ రాత్రి ఏదైనా ఉందా?

2023 ఆగస్టు 16. మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్ సెమీఫైనల్, మటిల్డాస్ (ఆస్ట్రేలియా మహిళల జట్టు) ఇంగ్లండ్ చేతిలో 3-1తో ఓడిపోయారు. చానెల్ 7లో సగటున 71 లక్షల మంది చూశారు. 2001లో కొత్త రేటింగ్ పద్ధతి వచ్చాక అప్పటిదాకా అంతమంది చూసిన కార్యక్రమం లేదు. సామ్ కెర్ దూరం నుంచి కొట్టిన ఆ గోలు కోసమైనా ఆ తేదీ గుర్తుపెట్టుకోవాలి.

## తేదీ చూసుకుని పోస్టు పెట్టేవాళ్లకి

రాబోయే పెద్ద వార్షికోత్సవాలు ఏవి?

2026లో ప్లే స్కూల్‌కి 60, ఫోర్ కార్నర్స్‌కి 65, టీవీకే 70. 2027 మేలో "ఇన్ మెల్‌బోర్న్ టునైట్"కి 70, జూలైలో ఎన్‌ఐటీవీకి 20, డిసెంబరులో రాత్రి క్రికెట్‌కి 50. 2028 జనవరిలో హోమ్ అండ్ అవేకి, ఇంపార్జాకి చెరో 40. 2030 అక్టోబరులో ఎస్‌బీఎస్‌కి 50. బ్రిస్బేన్, అడిలైడ్, పెర్త్ వాళ్లు మాత్రం తమ ఊరి టీవీకి 70 అని 2029లో చేసుకోవాలి.

పాత కార్యక్రమాలు ఎక్కడ చూడొచ్చు?

కాన్‌బెర్రాలోని నేషనల్ ఫిల్మ్ అండ్ సౌండ్ ఆర్కైవ్‌లో చాలా భద్రపరిచారు, వాళ్ల వెబ్‌సైట్‌లో క్లిప్పులు ఉచితంగా చూడొచ్చు. ఏబీసీవి ఐవ్యూలో, ఎస్‌బీఎస్‌వి ఆన్ డిమాండ్‌లో కొన్ని దొరుకుతాయి. ఈ రెండు యాప్‌లూ ఆస్ట్రేలియా బయట సాధారణంగా పనిచేయవు, అందుకని ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకి లింకు పంపి "రావట్లేదేంట్రా" అని తిట్లు తినకండి. వాళ్లు ఇక్కడికి వచ్చినప్పుడే పక్కన కూర్చుని చూపించండి. మిస్టర్ స్క్విగిల్‌తో మొదలుపెడితే భాష అడ్డురాదు.